కారే వాల్వ్‌కు బైపాస్ మందు కాదు

"గీ ఎండలల్ల హీటరెందుకు సార్? రెండు పైపులు కలిపేస్తా, ఒడుస్తది."

బీరంగూడ నుంచి సదాశివపేట దాకా, 65వ నంబరు జాతీయ రహదారి పక్కన ఏ షెడ్డు ముందైనా పాత అంబాసిడర్ ఆపి, హీటర్ వాల్వ్ దగ్గర నీళ్లు కారుతున్నాయని చెప్పి చూడండి. పది చోట్ల తొమ్మిది చోట్ల వినబడే తీర్పు ఇదే. మెకానిక్కుల మాటగా మొదలై ఇప్పుడిది పాత కార్ల యజమానుల మాట కూడా అయింది. చదువుకున్నవాళ్లు, తమ బండి బోల్టు బోల్టూ తెలుసనుకునేవాళ్లు సైతం ఈ ఒక్క విషయంలో తల ఊపేస్తున్నారు.

ఆ వాదాన్ని దాని బలం తగ్గించకుండానే చెబుతాను. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు హీటర్ మీట ముట్టుకునే పని లేదు. అది లేకపోయినా కారు నడుస్తుంది. వాల్వ్ బజార్లో దొరకదు. దొరికినా విదేశం నుంచి రావాలి. బాగు చేద్దామంటే పాత పోత లోహం, లోపల ఎండిపోయిన రబ్బరు, విప్పబోతే విరుగుతుందని భయం. కొత్త కార్లు చాలావాటిలో అసలు ఈ వాల్వే లేదు. అందువల్ల దాన్ని పీకేసి, వేడినీళ్ల రాక గొట్టాన్ని, పోక గొట్టాన్ని చిన్న ఇనప ముక్కతో కలిపి రెండు క్లిప్పులు బిగించి బైపాస్ చేస్తే పని పావుగంట, ఖర్చు నామమాత్రం, మళ్లీ కారడానికి అక్కడ వాల్వే ఉండదు.

విడివిడిగా చూస్తే ఈ మాటల్లో సగానికి పైగా నిజమే. తప్పంతా వాటిని కలిపి తేల్చిన ముగింపులో ఉంది.

1. "ఎండ దేశంలో హీటర్ ఎందుకు?"

ఇది అన్నిటికంటే బలంగా కనబడే మాట. నిజానికి అన్నిటికంటే బలహీనమైనదీ ఇదే.

అంబాసిడర్‌ను దశాబ్దాల పాటు లాగిన పాత 1489 సీసీ ఇంజన్ బ్రిటిష్ బీ-సిరీస్ వంశానిది. దాని హెడ్ వెనక మూలన, డ్యాష్‌బోర్డు గోడ వైపు, రెండు స్టడ్ల మీద కూర్చునే చిన్న జాగా ఒకటుంటుంది. హీటర్ ఉన్న బండిలో వాల్వ్ అక్కడే బిగుస్తుంది. హీటర్ లేని బండికి అదే జాగాను ఒక బిళ్లతో మూసేసేవారు. వాటర్ పంపు నెట్టిన నీళ్లు బ్లాకులోంచి హెడ్‌లోకి ఎక్కాక వాటికి రెండు దార్లున్నాయి. ముందువైపు థర్మోస్టాట్ దాటి రేడియేటర్‌లోకి వెళ్లి చల్లబడి పంపు దగ్గరికి రావడం ఒకటి. వెనకవైపు వాల్వ్ దాటి, హీటర్ కోర్‌లో తిరిగి, తిన్నగా పంపు నోటికి రావడం రెండోది. ఈ రెండో దారిలో రేడియేటర్ లేదు. అసలు సంగతంతా ఇక్కడే ఉంది.

వాల్వ్ మూసి ఉంటే రెండో దారి బంద్. హెడ్‌లోని వేడినీళ్లన్నీ రేడియేటర్ గుండానే పోవాలి. ఎండాకాలానికి కావలసింది అదే. వాల్వ్ పెట్టిందీ అందుకే. ఇప్పుడు మన మెకానిక్ వాల్వ్ తీసేసి రెండు గొట్టాలూ కలిపాడు. రెండో దారి ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. మధ్యలో కాస్త వేడి లాక్కునే హీటర్ కోర్ కూడా ఇప్పుడు లేదు. రేడియేటర్ మొహం చూడని వేడినీళ్లు పంపు దగ్గర చల్లటి నీళ్లతో కలిసి మళ్లీ ఇంజన్‌లోకి వెళతాయి. ఎండ దేశమని హీటర్ వద్దన్న పెద్దమనిషి, ఎండలో ఇంజన్‌ను చల్లబరిచే దారికే గండి కొట్టాడు.

ఆ గొట్టం సన్నది, అందులో పోయే నీళ్ల వాటా పెద్దది కాదు, నిజమే. డిసెంబరు ఉదయం ఖాళీ రోడ్డు మీద తేడా తెలియదు. మే నెల మధ్యాహ్నం ఇస్నాపూర్ దగ్గర కంటైనర్ లారీల మధ్య ఇరుక్కుని, ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండి, ఫ్యాన్ లాగే గాలి కూడా ముందున్న లారీ వదిలిన వేడిగాలే అయినప్పుడు ఆ చిన్న వాటా లెక్కకొస్తుంది. టెంపరేచర్ గేజి ముల్లు ఎర్రగీత దగ్గరికి వెళ్లేది అటువంటి చోట్లే. అప్పుడు అదే మెకానిక్ "రేడియేటర్ జామైంది, బోర్ చేయించాలె" అంటాడు. తను వేసిన లూప్ సంగతి ఆయనకు గుర్తుండదు.

ఇదే ట్రాఫిక్‌లో పాత డ్రైవర్లకు ఇంకో ఉపాయం తెలుసు. ఇంజన్ మరీ వేడెక్కితే ఏం చేయాలి? హీటర్ పూర్తిగా తెరిచి, బ్లోయర్ పూర్తి వేగంలో పెట్టాలి. లోపల కూర్చున్నవాళ్లకు ఉడుకు తప్పదు గానీ, హీటర్ కోర్ ఆ కాసేపు రెండో రేడియేటర్‌గా పనిచేసి ఇంజన్‌ను కాపాడుతుంది. గొట్టాలు కలిపేసిన బండికి ఆ ఆసరా కూడా పోయింది.

చలి మాటకొస్తే, ఈ జిల్లాలో చలే లేదన్నట్టు మాట్లాడటం విడ్డూరం. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతల జాబితా పేపర్లో వచ్చినప్పుడల్లా కోహీర్ పేరు పైవరసలో కనబడుతుంది. అది జహీరాబాద్ పక్కనే, ఇదే సంగారెడ్డి జిల్లాలో ఉంది. తెల్లవారుజామున అటు బయల్దేరిన ఏసీ లేని పాత కారు ముందద్దం లోపలి నుంచి మసకేస్తుంది. వానాకాలంలో నలుగురు ఎక్కి అద్దాలు మూస్తే పరిస్థితి ఇంకా అన్యాయం. ఆ తేమను పోగొట్టేది అద్దం మీదకు వచ్చే వెచ్చటి గాలి ఒక్కటే. చేతిగుడ్డతో తుడుచుకుంటూ హైవే మీద నడపడాన్ని ఎవరైనా పొదుపు అంటే నేనొప్పుకోను.

2. "చుక్కే కదా, కారనీ"

బైపాస్ చేయడానికి కూడా బద్ధకించేవాళ్ల మాట ఇది. నెలకో సీసా నీళ్లు పోసుకుంటే పోయేదేముంది అంటారు.

శీతలీకరణ వ్యవస్థ ఉత్త నీళ్ల తొట్టి కాదు, ఒత్తిడి నిలబెట్టుకునే పాత్ర. పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉన్న నేల సముద్రమట్టానికి 545 మీటర్ల ఎత్తు. అక్కడ మూత లేని గిన్నెలో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడి నిలిపే రేడియేటర్ మూత ఉంటే అవే నీళ్లు దాదాపు 110 డిగ్రీల దాకా మరగవు. వాల్వ్ దగ్గర సన్నగా కారుతున్నదంటే ఆ ఒత్తిడి నిలవడం లేదని అర్థం. కుక్కర్ మూత రబ్బరు పోయాక పైన వెయిట్ ఎంత బరువుదైతే ఏం లాభం? చుక్క చుక్కగా పోతున్న నీళ్ల సంగతి అటుంచి, దాంతో పాటు పోతున్నది పన్నెండు డిగ్రీల రక్షణ.

ఆ చుక్క ఎక్కడ పడుతుందో కూడా చూడాలి. హెడ్ వెనకనుంచి దిగే నీళ్లు వేడి ఇనుము మీదే ఆవిరైపోతాయి. కింద నేల మీద మరక కనబడదు. రేడియేటర్‌లో నీళ్లు మాత్రం తగ్గుతుంటాయి. దాంతో అనుమానం హెడ్ ప్యాకింగ్ మీదకు పోతుంది. అవసరం లేని హెడ్డు విప్పుతారు. బిల్లు వేలల్లోకి వెళుతుంది. వాల్వ్ కింద పేరుకున్న తెల్లటి పొక్కునో, కూలెంట్ ఎండిన ఆకుపచ్చ మరకనో ఒకసారి టార్చి వేసి చూసి ఉంటే సరిపోయేది. వాల్వ్ డ్యాష్‌బోర్డు కింద ఉండే బండ్లలో చుక్క కార్పెట్ కిందికి దిగి ఫ్లోర్ రేకును తినేస్తుంది. ఆ కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. ఇంట్లో కుక్కలూ చిన్నపిల్లలూ ఉన్నవాళ్లు ఇది కాస్త పట్టించుకోవాలి.

ఇక ఆ నెలకో సీసా నీళ్ల సంగతి. ఏ నీళ్లు పోస్తున్నారు? షెడ్డు వెనక బోరు నీళ్లు. పటాన్‌చెరు భూగర్భజలం గురించి వేరే చెప్పాలా? నక్కవాగు పక్క ఊళ్ల నీళ్లు ఫ్యాక్టరీల వ్యర్థాలతో పాడయ్యాయన్న గోడు 1990లోనే సుప్రీంకోర్టు గడప తొక్కింది. ఆ వాగు సంగతి పక్కన పెట్టినా, మన బోరు నీళ్లలో సున్నం, లవణాలు తక్కువేమీ కాదు. కారిన చుక్కలో నీరు ఆవిరైతే లవణం అక్కడే పొక్కు కడుతుంది. కొత్తగా పోసిన ప్రతి సీసా ఇంజన్‌లోకి మళ్లీ కొంత లవణాన్ని, కొంత ఆక్సిజన్‌ను తీసుకెళుతుంది. రేడియేటర్ సన్న గొట్టాల్లో పెచ్చు, హెడ్‌లో తుప్పు, పంపు సీలు అరుగుదల. ఇవన్నీ "కారనీ" అన్న మాట తెచ్చిపెట్టినవే.

3. "వాల్వ్ దొరకదు, బాగు కాదు"

ఈ మాట ఇంకెక్కడైనా చెబితే వినొచ్చేమో. ఈ పటాన్‌చెరు పారిశ్రామిక బెల్టులో చెబితే మాత్రం నవ్వొస్తుంది.

ఒక్కసారి చుట్టూ చూడండి. రామచంద్రాపురంలో 1960ల నుంచీ బీహెచ్ఈఎల్ టర్బైన్లు, కంప్రెసర్లు, పంపులు చేస్తోంది. ఎద్దుమైలారం ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీలో సైన్యానికి శరత్ యుద్ధవాహనాలు తయారయ్యాయి. సదాశివపేటలో ఎంఆర్ఎఫ్ టైర్లు తయారు చేస్తుంది. అంటే రబ్బరు సంగతి తెలిసిన జిల్లా ఇది. జహీరాబాద్‌లో 1980ల్లో ఆల్విన్ నిస్సాన్ లారీలు కట్టారు. ఆ ఫ్యాక్టరీ తర్వాత మహీంద్రా చేతికి వెళ్లింది. పాశమైలారం, బొల్లారం, కాజిపల్లిలో లెక్కలేనన్ని మందుల కంపెనీలు, వాటిలో మైళ్ల కొద్దీ ఆవిరి పైపులు, ఆ పైపుల మీద వేల వాల్వులు. ఈ పెద్ద కంపెనీల కోసం బుషింగులూ షాఫ్టులూ తిప్పిపెట్టే చిన్న లేత్ షెడ్లు పటాన్‌చెరు పారిశ్రామికవాడ సందుల్లో వరసగా ఉంటాయి.

ఆ ఆవిరి వాల్వ్ కారితే ఫ్యాక్టరీ ఫిట్టర్ ఏం చేస్తాడు? పైపులు కలిపేసి చేతులు దులుపుకుంటాడా? గ్లాండ్ విప్పి పాత ప్యాకింగ్ లాగేసి కొత్తది వేస్తాడు. సీటు గీతలు పడితే పేస్టు వేసి నూరుతాడు. స్పిండిల్ అరిగితే లేత్ మీదకు పంపిస్తాడు. చివరికి, దాని మీద రాసి ఉన్న ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు నీళ్లతో పెట్టి పరీక్షిస్తాడు. అదే మనిషి ఆదివారం నాడు తన అన్న షెడ్డులో కూర్చుని, చదరపు అంగుళానికి 7 పౌండ్లు మోసే బొమ్మలాంటి వాల్వ్‌ను చూపించి "ఇది బాగు కాదు సార్" అంటున్నాడు. ఇది చేతకానితనం కాదు. చేయాలన్న పట్టింపు లేదు, అంతే.

బాగు చేయడంలో మొదటి మెట్టు, ఏ రకం కారుడో తేల్చుకోవడం. బయటికి కారడం ఒకటి. మూసినా లోపల పారుతూనే ఉండటం రెండోది. దీనికి చుక్క కనబడదు, మే నెలలో కాళ్ల దగ్గర సెగ తగులుతుంది. రెండింటికీ మందు వేరు. బయటికి కారేది మూడే చోట్ల: హెడ్‌కు కూర్చునే ముఖం దగ్గర, స్పిండిల్ లేదా డయాఫ్రం దగ్గర, గొట్టం ఎక్కే ముక్కు దగ్గర. ముఖం దగ్గరైతే పావు అడుగు కార్క్ ప్యాకింగ్ షీటుతో పోతుంది. ముక్కు దగ్గరైతే చాలాసార్లు తప్పు వాల్వ్‌ది కాదు. గట్టిపడిన గొట్టానిది, లేదా గొట్టాన్ని కోసేసేలా బిగించిన క్లిప్‌ది. వీటికే వాల్వ్ పీకి పారేసినవాళ్లు ఎందరో!

స్పిండిల్ దగ్గర కారేదే అసలైన పని. చాలా వాల్వులలో లోపల ఉండేది ఒక ఓ-రింగో, ఒక రబ్బరు డయాఫ్రమో. ఇంగ్లిష్ బండ్ల వాల్వులు కొన్నింటిలో పై భాగాన్ని కింది భాగానికి నాలుగు చెవులు మడిచి బిగిస్తారు. ఆ చెవులను నిదానంగా ఎత్తితే డయాఫ్రం చేతికొస్తుంది. పాత మెర్సిడెస్ 123 వరస బండ్లలో వచ్చే కరెంటు వాల్వ్‌లోనూ పోయేది లోపలి రబ్బరే. దాని లోపలి భాగం ఒక్కటే మార్చుకోవచ్చు, మొత్తం మార్చక్కర్లేదు. ఇంకో విశేషం: ఆ వాల్వ్‌కు కరెంటు అందితేనే మూసుకుంటుంది, అందకపోతే తెరుచుకుంటుంది. అందుకే వైరు ఊడినా లోపల సెగే. రబ్బరును తిట్టేముందు వైరు చూడాలి.

రబ్బరు ఎంపిక దగ్గర మన షెడ్లలో పెద్ద పొరపాటు జరుగుతుంది. కొట్లో "నల్ల ఓ-రింగ్ ఇయ్యి" అంటే ఎక్కువగా చేతిలో పెట్టేది నైట్రైల్. అది నూనెకు మంచిది; వేడి కూలెంట్‌లో తొందరగా బిరుసెక్కి పగులుతుంది. ఇక్కడ కావలసింది ఈపీడీఎం. వేడినీళ్లకు, గ్లైకాల్‌కు అది నిలుస్తుంది. పెట్రోలియం గ్రీజు తగిలితే మాత్రం ఉబ్బిపోతుంది. అందుకే సిలికోన్ గ్రీజు పూయాలి గానీ బేరింగు గ్రీజు కాదు. ఈ రెండు రబ్బర్లూ చూడ్డానికి ఒకేలా నల్లగా ఉంటాయి, ధర ఒక చాయ్‌కి అటూ ఇటూ. "ఓ-రింగ్ వేశాం, ఆర్నెల్లలో మళ్లీ కారింది, కాబట్టి బాగు కాదు" అనేవాళ్ల కథ వెనక దాదాపు ఎప్పుడూ ఈ తప్పుడు రబ్బరే ఉంటుంది. సికింద్రాబాద్ రాణిగంజ్ కొట్లలో పేరు చెప్పి అడిగితే ఈపీడీఎం దొరుకుతుంది. ఈ బెల్టులో మందుల కంపెనీలకు సీళ్లు సరఫరా చేసేవాళ్ల దగ్గరైతే మరీ సులువు.

లోహం సంగతి. వాల్వ్ ఒళ్లు ఇత్తడిదైతే అదృష్టం: పలచటి వెనిగర్‌లో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, సీటు సన్న గ్రైండింగ్ పేస్టుతో నూరితే చాలు. జింకు పోతదైతే ఆమ్లం దగ్గరికి కూడా రానివ్వకూడదు, తినేస్తుంది. జింకు ఒళ్లు గుంటలు పడి పనికిరాకుండా పోతే, దాన్నే నమూనాగా పెట్టి ఇత్తడి కడ్డీ లోంచి కొత్త ఒళ్లు తిప్పించొచ్చు. రెండు స్టడ్ల మధ్య దూరం, కన్నం కొలత, ముక్కు బయటి కొలత. వెర్నియర్ పట్టుకున్న ఏ టర్నర్‌కైనా ఇది ఒక పూట పని. స్పిండిల్ అరిగినా అంతే. వాళ్లు రోజూ మైక్రాన్లలో తిప్పేవాళ్లు. వాళ్లకు ఇది కష్టమని చెప్పడం అవమానం.

విప్పేటప్పుడు తొందర పనికిరాదు. ఇంజన్ పూర్తిగా చల్లారాలి, నీళ్లు హెడ్ మట్టం కంటే కిందికి దించాలి. ఏళ్ల తరబడి తుప్పు పట్టిన స్టడ్ల మీద పానా పెట్టి ఒక్కసారిగా లాగితే స్టడ్ హెడ్‌లోనే తెగుతుంది. ముందురోజు రాత్రి తుప్పు వదిలించే నూనె పోసి ఉంచాలి. మీట మీద సుత్తి వాడినవాడి చేతికి ఇంకెప్పుడూ బండి ఇవ్వకండి. బిగించేటప్పుడు ట్యూబులోని సిలికోన్ పేస్టును ధారాళంగా పూసేవాడికీ అంతే. బయటికి కనబడే పేస్టు ఎంతో లోపలికి వెళ్లిందీ అంతే, అది విరిగి కోర్‌లో ఇరుక్కుంటుంది.

పరీక్షకు ఫ్యాక్టరీ అక్కర్లేదు. వాల్వ్ మూసి, ఒక పక్క గొట్టం ముక్క తొడిగి, సైకిల్ పంపుతో గాలి కొట్టి బకెట్ నీళ్లలో ముంచండి. చదరపు అంగుళానికి 15 పౌండ్ల దగ్గర బుడగ రాకపోతే మీ మూత నిలిపే ఒత్తిడికి రెట్టింపు ఓర్చుకున్నట్టే. తర్వాత వాల్వ్ తెరిచి, రెండో పక్క మూసి అదే పరీక్ష చేస్తే స్పిండిల్ సంగతి తేలుతుంది. ఇన్ని వాల్వులు పీకి పారేసిన షెడ్లలో ఈ పరీక్ష చేసినవెన్ని?

4. "కొత్త కార్లలో వాల్వే లేదు కదా"

చాలా కొత్త కార్లలో లేదు, నిజమే. వాటిలో వేడినీళ్లు హీటర్ కోర్ గుండా ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. లోపలికి వచ్చే గాలి ఆ కోర్ మీదుగా పోవాలా, పక్క నుంచి పోవాలా అన్నది ఒక రెక్క నిర్ణయిస్తుంది. పాత బండి హీటర్ డబ్బాలో ఆ రెక్క ఉండదు. వేడిని ఆపేది వాల్వ్ ఒక్కటే. కోర్‌ను అలాగే ఉంచి వాల్వ్ మాత్రం తీసేస్తే ఎండాకాలమంతా కాళ్ల దగ్గర కుంపటి వెలుగుతూనే ఉంటుంది. ఒక వ్యవస్థలో అక్కరలేనిది కాబట్టి ఇంకో వ్యవస్థలోనూ అక్కరలేదనడం తర్కమే కాదు.

దీనికి ఎదురు కూడా ఉంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ మూసి ఉన్నంతసేపూ నీళ్లు తిరిగేది హీటర్ దారిలోనే. అటువంటి బండికి గొట్టంలో బోల్టు దూర్చి క్లిప్ బిగించారనుకోండి. మన దగ్గర ఇది కూడా ఒక "రిపేరు"! ఇంజన్ వేడెక్కే దశలో హెడ్‌లో నీళ్లు నిలబడిపోతాయి, థర్మోస్టాట్‌కు వేడి కబురు ఆలస్యంగా అందుతుంది. ఒక ఇంజన్‌కు లూప్ చెరుపు, ఇంకో ఇంజన్‌కు బిరడా చెరుపు. ఏ ఇంజన్ ఏదో చూడకుండా అన్నిటికీ ఒకటే మందు వేసేవాడిని మెకానిక్ అనడం కష్టం.

5. పసుపు వైద్యం

కారే రేడియేటర్‌లో పసుపు పోయడం లారీ డ్రైవర్ల పాత చిట్కా. డబ్బాల్లో అమ్మే లీక్ స్టాప్ పౌడర్లు దానికి కొత్త రూపాలు. దారి మధ్యలో, ఊరు చేరడానికి, రేడియేటర్ చిల్లుకు అదొక ఆపద్ధర్మం. కదిలే స్పిండిల్ దగ్గర కారే వాల్వ్‌కు అది పనిచేయదు. మీట ఒకసారి తిప్పితే కట్టిన పొర ఊడుతుంది. సన్నటి దారులున్న హీటర్ కోర్‌లో మాత్రం చక్కగా గడ్డకడుతుంది. ఇంతకంటే చెప్పడానికి ఇందులో ఏమీ లేదు.

6. "గిట్టదు సార్"

ఇదొక్కటి నిజాయితీ గల అభ్యంతరం. బైపాస్‌కు పావుగంట; వాల్వ్ విప్పి, శుభ్రం చేసి, రబ్బరు తెచ్చి, పరీక్షించి బిగించడానికి ఒక పూట. లేత్ పని పడితే ఇంకో రోజు. రోజుకు ఇన్ని బండ్లు దించితేనే షెడ్డు అద్దె వెళుతుంది. యజమాని ఏమో "ఒక్క వాషర్‌కు ఇంత తీసుకుంటావా" అని బేరమాడతాడు. ఈ తప్పులో మెకానిక్ వాటా కంటే యజమాని వాటా ఎక్కువని నా అభిప్రాయం. లక్షలు పోసి పెయింటు వేయించి, క్రోము మెరిపించి, ప్రదర్శనకు తీసుకెళ్లే మనిషి, బానెట్ కింద వాల్వ్‌కు ఒక పూట కూలి ఇవ్వడానికి గింజుకుంటాడు. ఆ పని విలువ కూలిలో కనబడనప్పుడు కుర్రవాడు దాన్ని నేర్చుకోడు. నేర్చుకోనివాడు పదేళ్ల తర్వాత షెడ్డు పెడితే "బాగు కాదు" అనే మాట అతని విషయంలో నిజంగానే నిజమవుతుంది.

లెక్క కూడా సరిగ్గా వేయాలి. బైపాస్ చవక అనేవాళ్లు ఆ రోజు బిల్లు మాత్రమే చూస్తున్నారు. ఇరుకు వంపులో మడత పడి ఏడాదికే పగిలే గొట్టం, తుప్పు పట్టిన ఇనప ముక్క, వేడెక్కిన రోజు టోయింగ్ ఖర్చు, అనుమానంతో విప్పిన హెడ్డు, ఇవేవీ ఆ బిల్లులో లేవు. పాత బండి విలువ పెరిగే కాలం కూడా ఇది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరగని బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది, నంబరులో వీఏ అక్షరాలతో. గొట్టాలు కలిపినంత మాత్రాన ఆ అర్హత పోదు, భయపెట్టను. కానీ అలాంటి బండి కొనేవాడు బానెట్ ఎత్తగానే మొదట చూసేది ఇలాంటి అతుకులే. ఇక్కడే ఇలా చేస్తే కనబడని చోట ఏం చేశారో అని అతను ధర తగ్గిస్తాడు. తప్పు పట్టలేం.

బైపాస్ ఎప్పుడూ చేయకూడదా? రాత్రిపూట జోగిపేట దారిలో వాల్వ్ పగిలి నీళ్లు చిమ్ముతుంటే నేనైనా గొట్టాలు కలిపే ఇల్లు చేరతాను. అది ఆ రాత్రికి. హీటర్ నిజంగా అక్కర్లేదని ఎవరైనా ఆలోచించి నిర్ణయించుకుంటే అంబాసిడర్ పాత ఇంజన్‌కు అసలైన దారి వేరే ఉంది: హెడ్ మీది జాగాకు, హీటర్ లేని బండ్లకు ఉన్నట్టే, మందపాటి బిళ్ల ప్యాకింగ్‌తో బిగించాలి, పంపు వైపు ముక్కును కూడా సరైన మూతతో మూయాలి. తీసిన వాల్వ్‌ను సంచిలో కట్టి డిక్కీలో దాచాలి. అప్పుడు రేడియేటర్ దాటుకుని పోయే దొడ్డిదారి ఉండదు.

హీటర్ కావాలనుకునేవాళ్లు ఒక పని చేయండి. ఈసారి షెడ్డులో "కలిపేస్తా సార్" అన్నప్పుడు, ఆ వేడినీళ్లు ఇక ఎటు పోతాయో గీసి చూపించమనండి. గీయగలిగినవాడికి వాల్వ్ విప్పి ఇవ్వండి, ఒక పూట కూలి బేరమాడకుండా ఇవ్వండి. గీయలేనివాడి చేత బానెట్ కూడా ఎత్తించకండి.